కోడిగుడ్డు కిటికీ కారు

20 ఫిబ్రవరి 1997, గురువారం

చెల్లెలు ఇగ్లాల్ ఈరోజు మళ్ళీ మన్షియా బజారుకు వెళ్ళింది, గుండీల కోసం. సోమవారం వెళ్ళింది కూడా గుండీలకే. కుట్టుపని చేసేవాళ్ళకు గుండీలు కావాలి, కాదనను. కానీ నేను అలెగ్జాండ్రియా రేవులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ణి. ఒకే సరుకు పేరు చెప్పి పదే పదే గేటు దాటేవాళ్ళు నా కంట పడకుండా పోరు.

తిరిగి రావడం ట్రామ్‌లో కాదు. బాల్కనీలోంచి చూశాను. వీధి మలుపులో ఒక పాత ఫోక్స్‌వ్యాగన్ ఆగింది. ఇక్కడ అందరూ పేడపురుగు అంటారే, ఆ కారు. లేత ఆకుపచ్చ రంగు. వెనక కిటికీ కోడిగుడ్డు ఆకారంలో ఉంది. ఇగ్లాల్ దిగి, తలుపు నెమ్మదిగా వేసి, రెండడుగులు నడిచి వెనక్కి తిరిగి చూసింది. గుండీల పొట్లం ఇంత చిన్నది.

21 ఫిబ్రవరి

అడిగాను. దాచలేదు. పేరు వగీహ్. ఆ గుండీల కొట్టు అతనిదే. మొదటి భార్యతో విడాకులై చాలాకాలమైంది, పిల్లలు లేరు. వచ్చే మే నెలకు నలభై నిండుతాయి. పెళ్ళి చేసుకుందామన్నాడట. నువ్వేమన్నావు అన్నాను. మా అన్నయ్యతో మాట్లాడమన్నాను అంది.

మర్యాదగానే ఉంది. అదే నాకు నచ్చలేదు.

ఇగ్లాల్ మొదటి మొగుడు నబీల్ కూడా మర్యాదస్థుడే. అది నేను చూసి చేసిన సంబంధం. అతను పోయిన మూడో రోజు పరామర్శకు పోర్ట్ సయీద్ నుంచి ఒకావిడ ఇద్దరు పిల్లలతో వచ్చి, నేనూ ఆయన భార్యనే అంది. ఊళ్ళోవాళ్ళ పెట్టెలన్నీ విప్పి చూసినవాణ్ణి, మా ఇంట్లో కూర్చుని అన్నం తిన్న మనిషిని విప్పి చూడలేకపోయాను. ఇంకోసారి అలా జరగనివ్వను.

28 ఫిబ్రవరి, శుక్రవారం

భోజనానికి వచ్చాడు. బస్బూసా మిఠాయి పళ్ళెం తెచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. చేప ముళ్ళు తీసి ప్లేటు అంచున వరసగా పెట్టాడు. ఇలాంటివాళ్ళు డిక్లరేషన్ ఫారం కూడా తప్పుల్లేకుండా నింపుతారు.

కారు గురించి అడిగాను. మాటల్లో పెట్టడానికి అడిగిందే తప్ప నాకు కార్ల గురించి ఒక్క ముక్క తెలియదు. వాళ్ళమ్మ నయీమా గారు 1955లో కార్ల ఏజెంట్ దగ్గర కొత్తగా కొన్నారట. ఆమె నిరుడు పోయారు. ఆమె ఏం చేసేవారు అన్నాను. పెళ్ళికి ముందు ఇళ్ళల్లో ఇస్త్రీ పని అన్నాడు.

ఇస్త్రీ పని చేసే అమ్మాయి కొత్త కారు కొందట.

పల్లెలో తాతగారి పొలం అమ్మితే వాటా వచ్చిందన్నాడు. ఆ మాట అన్నప్పుడు నన్ను చూడలేదు, టీ గ్లాసును చూశాడు. ఇగ్లాల్ వెంటనే, ఇంకాస్త చక్కెర వేయనా అంది. చక్కెర అప్పటికే వేసింది.

3 మార్చి

మనిషిని అడిగితే తను చెప్పాలనుకున్నదే చెబుతాడు. సరుకు అలా కాదు. అందుకని నబీ దానియల్ వీధికి వెళ్ళాను. అక్కడ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు అమ్మే కామిల్ నాకు పరిచయం. ఈ ఊరు వదిలి వెళ్ళిపోయిన గ్రీకుల, ఇటాలియన్ల, ఇంగ్లీషువాళ్ళ అలమారాలన్నీ చివరికి అతని చేతికే చేరాయి. పాత కార్ల పుస్తకం కావాలన్నాను. ఈ వయసులో కొత్త జబ్బు పట్టుకుందా ఇన్‌స్పెక్టర్ గారూ అన్నాడు.

దొరికింది. జేబులో పట్టేంత ఇంగ్లీషు గైడ్, 1956లో వేసినది. పేజీకి ఒక కారు. బొమ్మ, ఇంజన్, పొడవు, దూరం నుంచి ఎలా గుర్తుపట్టాలి. మొదటి పేజీలో ఏదో పిల్లవాడి పేరు పెన్సిల్‌తో రాసి ఉంది. తను చూసిన కార్లకు పక్కన టిక్కులు పెట్టుకున్నాడు.

పేడపురుగు వెనక కిటికీ 1953 మొదట్లో వరకు రెండు ముక్కలుగా ఉండేదట. ఆ తర్వాత కోడిగుడ్డు. అంటే 1955 అన్నమాట అబద్ధం కాకపోవచ్చు.

నిరాశగా ఉంది. ఇది నిజాయితీగా రాస్తున్నాను.

5 మార్చి

పుస్తకం మొత్తం చదివేశాను. పొద్దున సముద్రం ఒడ్డున కోర్నీష్ రోడ్డు మీద నడుస్తుంటే కార్లన్నీ కొత్తగా కనిపించాయి. బేకరీ ముందు ఎప్పుడూ ఉండే నల్ల కారు మోరిస్ అట. ముందు అద్దం రెండు పలకలుగా ఉంది కాబట్టి 1956కు ముందుది. ఇన్నేళ్ళూ దాని పక్కనుంచే నడిచాను. దాని ఓనరు నన్ను అనుమానంగా చూశాడు. సరైన పనే చేశాడు.

8 మార్చి, శనివారం

సాయంత్రం వగీహ్ వచ్చాడు. ఇగ్లాల్ అతనికి కుట్టుమిషన్ చూపిస్తోంది, కొత్త మోటారు బిగించాలని. సిగరెట్లకు వెళ్తున్నానని చెప్పి కిందికి దిగాను.

పుస్తకంలో ఆ కారుకు మలుపు తిరిగేటప్పుడు వెలిగే లైట్లు లేవు. రెండు తలుపుల వెనక ఉన్న స్తంభంలోంచి ఒక చిన్న చెయ్యి బయటికొచ్చి ఇటు తిరుగుతున్నానని చూపిస్తుంది. 1955లో అన్నీ అంతే అని రాశారు. వగీహ్ కారుకు ఆ చెయ్యి లేదు. చీలిక కూడా లేదు. స్తంభం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రాసి చూశాను. పూడ్చిన గుర్తు లేదు, పుట్టినప్పటి నున్నదనమే. ముందు మడ్‌గార్డుల మీద మాత్రం తూటాల్లాంటి చిన్న లైట్లు ఉన్నాయి. బంపర్ మీద పుస్తకంలో లేని ఇంకో కడ్డీ ఉంది.

అద్దంలోంచి లోపలికి చూశాను. స్పీడోమీటర్ కిలోమీటర్లలో లేదు, మైళ్ళలో ఉంది.

మైళ్ళంటే ఇంగ్లీషువాళ్ళ కారు. కానీ వాళ్ళ స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. దీనికి ఎడమవైపు ఉంది.

పైకి వచ్చేసరికి, సిగరెట్లేవి అంది ఇగ్లాల్. మర్చిపోయాను.

10 మార్చి

తుఫాను. కెరటాలు కోర్నీష్ రోడ్డు దాటుతున్నాయి. అయినా వెళ్ళాను. కామిల్ పుస్తకాల మీద ప్లాస్టిక్ కప్పి, తను గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. జర్మన్ గైడ్ ఒకటి తీసి పెట్టాడు, 1955 సంవత్సరానిది. నాకు జర్మన్ రాదు. బొమ్మలకూ అంకెలకూ భాష ఎందుకు?

జర్మన్ పుస్తకంలో: స్టీరింగ్ ఎడమ, కిలోమీటర్లు, స్తంభంలో చెయ్యి.
ఇంగ్లీషు పుస్తకంలో: స్టీరింగ్ కుడి, మైళ్ళు, స్తంభంలో చెయ్యి.
వగీహ్ కారు: స్టీరింగ్ ఎడమ, మైళ్ళు, చెయ్యి లేదు.

ఇది ఏ దేశపు కారూ కాదు. ఇలాంటివి రేవులో చూశాను. ముందు భాగం ఒక కారుది, వెనక భాగం ఇంకో కారుది, మధ్యలో వెల్డింగ్, పైన కొత్త రంగు. నంబరు ఎవరిదో. కాగితాలు ఇంకెవరివో. ఏజెంట్ అమ్మిన కారు మాత్రం కాదు. రెండు పుస్తకాలు సాక్ష్యం చెబుతున్నాయి.

ఈరోజు సుఖంగా నిద్రపడుతుంది.

13 మార్చి, గురువారం

చెప్పేశాను.

ఇగ్లాల్ ములూఖియా కూర వండింది. వగీహ్ కుట్టుమిషన్ మోటారు బిగించి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. పెళ్ళి తేదీ గురించి మాట్లాడదామన్నాడు, ఈద్ తర్వాత అయితే ఎలా ఉంటుందని. నేను లేచి వెళ్ళి రెండు పుస్తకాలు తెచ్చి, గిన్నెల మధ్య తెరిచి పెట్టాను. స్తంభం, స్పీడోమీటర్, బంపర్, అన్నీ వేలు పెట్టి చూపించాను. ఆఫీసులో ఎలా మాట్లాడేవాణ్ణో అలాగే మాట్లాడాను, గొంతు పెంచకుండా.

"ఈ కారును ఈ దేశంలో ఏ ఏజెంటూ అమ్మలేదు. అబద్ధం మీ అమ్మగారిదా, మీదా? అది తేలాక తేదీ సంగతి చూద్దాం."

వగీహ్ పుస్తకాల వంక చూశాడు. దొంగసరుకు పట్టుకున్నప్పుడు మనుషులు అరుస్తారు, లేకపోతే కాళ్ళు పట్టుకుంటారు. ఇతను రెండూ చేయలేదు. పేజీ మడత పడితే వేలితో సరిచేశాడు.

"మా అమ్మ పోయింది సార్. ఆవిణ్ణి వదిలేయండి."

లేచి, ఇగ్లాల్‌కు సలాం చెప్పి వెళ్ళిపోయాడు. కింద ఇంజన్ ఒక పట్టాన స్టార్ట్ అవలేదు. మేమిద్దరం వింటూ కూర్చున్నాం.

14 మార్చి

ఇగ్లాల్ మాట్లాడలేదు.

16 మార్చి

తనకొక్కదానికే వండుకుంది. నేను వీధిలో బండి దగ్గర ఫూల్, ఆ ఉడికించిన చిక్కుడు గింజలు, తిన్నాను.

19 మార్చి

ఈరోజు మాట్లాడింది. గౌనుకు అంచు కుడుతూ, తలెత్తకుండా. వగీహ్ చెప్పిన పొలం కథ అబద్ధమని తనకు మొదటి నుంచీ తెలుసట. పరిచయమైన రెండో వారమే అతను అంతా చెప్పాడట. అయితే నాకెందుకు చెప్పలేదు అన్నాను.

"నువ్వు మనుషుల్ని ఎప్పుడు అడిగావు అన్నయ్యా? సామాన్లని అడుగుతావు. వెళ్ళు, నీ పుస్తకాల్నే అడుగు."

ఏమిటా అంతా అన్నాను. చెప్పలేదు. మిషన్ తొక్కింది. కొత్త మోటారు స్విచ్ వేయకుండా కాలితోనే తొక్కింది.

కారు దొంగదైతే దాని సంగతి తెలిసి కూడా చెల్లెలు ఒప్పుకుందా? నా చెల్లెలు అలాంటిది కాదు. మరి ఇంకేమిటి? దొంగతనం కంటే దాచుకోవలసింది ఏముంటుంది?

24 మార్చి, సోమవారం

కామిల్ ఫోన్ చేశాడు. మందంగా ఉన్న అమెరికన్ గైడ్ ఒకటి వచ్చిందట, అన్ని దేశాల కార్లూ ఉన్నాయట. అమెరికా కార్లతో నాకేం పని అనుకున్నాను. అయినా వెళ్ళాను.

విదేశీ కార్లు అనే భాగంలో, పేజీ అడుగున ఉంది. అదే కారు. కోడిగుడ్డు కిటికీ. స్టీరింగ్ ఎడమ. మైళ్ళు. మడ్‌గార్డుల మీద తూటాల్లాంటి లైట్లు. బంపర్ మీద రెండో కడ్డీ. 1955 నుంచి అమెరికాకు పంపే కార్లకు స్తంభంలో చెయ్యి తీసేసి లైట్లు పెట్టారని రెండు లైన్లలో రాసి ఉంది.

కామిల్ స్టూలు మీద కూలబడ్డాను. అతుకులు లేవు. వెల్డింగ్ లేదు. కారు ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉంది. అమెరికన్లంటే పడవంత కార్లే కొంటారని నా లెక్క. ఈ చిన్న పురుగును కొనేవాళ్ళు కూడా ఉంటారని తట్టలేదు. ఇంగ్లీషు పుస్తకం అబద్ధం చెప్పలేదు, జర్మన్ పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఎవరి కార్ల గురించి వాళ్ళు రాసుకున్నారు. రెండు చూసి లోకమంతా చూశాననుకున్నది నేను.

ఇంటికి నడిచి వచ్చాను. ట్రామ్ ఎక్కడం మర్చిపోయాను.

సాయంత్రం

అమెరికన్ కారు. 1956లో సూయజ్ కాలువ యుద్ధం మొదలవగానే అమెరికన్లు రేవులో ఓడలెక్కి వెళ్ళిపోయారు. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను, చూడ్డానికి వెళ్ళాం. చేతిలో పట్టినంత సామాను తీసుకుని వెళ్ళారు. కార్లు తీసుకెళ్ళలేదు.

ఇళ్ళల్లో ఇస్త్రీ పని.

వగీహ్ 1957 మే నెలలో పుట్టాడు.

లేచి అమెరికన్ పుస్తకాన్ని పరుపు కింద దాచాను.

27 మార్చి, గురువారం

కొట్టుకు వెళ్ళాను. క్షమాపణ చెప్పడానికి వెళ్ళానని రాసుకుంటే అది అబద్ధం. నా లెక్క సరైనదో కాదో తెలుసుకోవడానికి వెళ్ళాను.

కొట్టు నిండా ఆడవాళ్ళు. ఒకావిడ నీలం రిబ్బను బేరమాడుతోంది. వగీహ్ నన్ను చూశాడు. రిబ్బను కొలిచి, కత్తిరించి, పొట్లం కట్టి ఇచ్చి, మిగతావాళ్ళను నమాజు తర్వాత రమ్మని బతిమాలి పంపేశాడు. షట్టర్ దించి, రండి సార్ అన్నాడు. కారు సందులో ఉంది. నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోమన్నాడు. నాకు డ్రైవింగ్ రాదన్నాను. నడపనక్కర్లేదు, కూర్చోండి అన్నాడు.

నేను అమెరికన్ పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. పేజీ తెరవలేదు. అట్ట చూసి అతనికి అర్థమైంది.

తనే చెప్పాడు. కారు అసలు యజమాని, ఆ అమెరికన్, పత్తి కంపెనీలో పనిచేసేవాడట. పేరు వగీహ్‌కు తెలుసు, నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. వెళ్ళిపోయే రోజు నయీమా చేతిలో కారు తాళాలు పెట్టి, నెల రోజుల్లో వస్తానన్నాడు. ఆమె కడుపుతో ఉందని ఆయనకు నిజంగానే తెలియదేమో, ఎవరికి తెలుసు అన్నాడు వగీహ్. ఆ కంపెనీ డ్రైవర్ అబ్దుల్ మౌగూద్ నెల తిరక్కుండా నయీమాను పెళ్ళి చేసుకున్నాడు. కొడుకు నెలలు నిండకుండా పుట్టాడని అందరికీ చెప్పాడు. ఏజెంట్ కథా, పొలం కథా ఆయన కల్పించినవే. ఆయనే ఈ కారులో ఈ సీటు మీద కూర్చోబెట్టుకుని వగీహ్‌కు స్టీరింగ్ నేర్పాడు. ఆయన పోయేదాకా వగీహ్‌కు ఏమీ తెలియదు. అమ్మ పోయే ముందు చెప్పింది.

కారు అమ్మేయొచ్చు కదా అన్నాను.

"ఆదివారం ఆదివారం మా నాన్న దీన్ని తుడిచేవాడు సార్. ఎవరి కారో తెలిసి తుడిచేవాడు. నేనెలా అమ్మను?"

తర్వాత, ఇప్పుడు మీరేం చేస్తారు అని అడిగాడు. అందులో భయం ఉంది. నాకు బాగా తెలిసిన భయం. బల్లకు అవతల నిలబడ్డవాళ్ళ మొహాల్లో ఇన్నేళ్ళూ చూసిందే. ఉద్యోగంలో ఉండగా అది చూస్తే నేను సరిగ్గా పనిచేస్తున్నాననుకునేవాణ్ణి.

జవాబు చెప్పకుండా వచ్చేశాను. చెప్పాల్సింది.

2 ఏప్రిల్

నేను కొట్టుకు వెళ్ళిన సంగతి ఇగ్లాల్‌కు తెలిసింది. పెళ్ళి ఈద్ తర్వాతి గురువారమట. నికాలో తన తరఫున మాట ఇచ్చే పెద్దగా, అంటే వకీలుగా కూర్చోడానికి దమన్‌హూర్ నుంచి మా పెద్దనాన్న కొడుకు షౌకత్ అన్నయ్యను పిలుస్తానంది. నేనుండగా ఆయనెందుకు అన్నాను.

"ఏదో ఒకరోజు నీకు కోపమొస్తుంది. అతని పుట్టుక గురించిన ఆ మాట నీ నోట్లోంచి వస్తుంది. ఒక్కసారి వస్తే చాలు."

రాదని చెప్పాను. నమ్మలేదు. తన చోట నేనున్నా నమ్మను.

6 ఏప్రిల్

వంటింట్లో ఒక ప్లేటు, ఒక గ్లాసు, ఒక చెంచా కడిగి బోర్లించి ఉన్నాయి. ఆమె వెళ్ళాక రోజూ ఇలాగే ఉంటుంది.

ఒక అనుమానం. ఇది ఇంతవరకు రాయలేదు. వగీహ్ కాకుండా ఇంకెవరు వచ్చినా, వాళ్ళకు కారు లేకపోయినా, నేను వెతికేవాణ్ణేమో.

11 ఏప్రిల్, శుక్రవారం

షౌకత్ అన్నయ్య వచ్చాడు. మనిషి మంచివాడే, కానీ గొంతు పెద్దది. ఆయన చెవిన పడింది సాయంత్రానికి దమన్‌హూర్ అంతా తిరుగుతుంది. భోజనమయ్యాక ఇగ్లాల్ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. ఆయన పళ్ళు కుట్టుకుంటూ అడిగాడు.

"ఒరేయ్ హిల్మీ, సొంత అన్నవి నువ్వుండగా నేనెందుకురా? ఆ అబ్బాయిలో ఏదైనా లోపముందా? ఏదో కారు గురించి పుస్తకాలు తెచ్చి చూశావట. ఏం తేలింది?"

కొళాయి చప్పుడు ఆగిపోయింది.

నేను లేచి ఇంగ్లీషు గైడ్ తెచ్చాను, జేబు సైజుది. అమెరికన్ పుస్తకం పరుపు కింద ఉంది, ముట్టుకోలేదు. పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. స్తంభంలోంచి చెయ్యి బయటికి ఉన్న చోట నా బొటనవేలు ఆనించి పట్టుకుని, చూడు అన్నయ్యా, అచ్చం ఇదే కారు అన్నాను. కోడిగుడ్డు కిటికీ చూపించాను. 1955. ఏజెంట్ దగ్గర కొన్నది. వాళ్ళమ్మకు పొలం వాటా వచ్చింది, దాంతో కొన్నది. నేను ప్రతి బోల్టూ చూశాను. కారులో లోపం లేదు, అబ్బాయిలో లోపం లేదు.

మరి నువ్వెందుకు కూర్చోవు అన్నాడు.

అబ్బాయిని లేనిపోని మాటలన్నాను, చెల్లెలికి కోపమొచ్చింది అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. రిటైరైనా యూనిఫాం విప్పలేదురా నువ్వు అన్నాడు. పుస్తకం తీసుకుని ఇంకా దగ్గరగా చూడబోయాడు. నేను ఇవ్వలేదు. పాతది, కాగితం చినిగిపోతుందన్నాను.

కొళాయి మళ్ళీ మోగింది. చాలాసేపు మోగింది. అన్ని గిన్నెలు లేవు.

12 ఏప్రిల్

పొద్దున బల్ల మీద రెండు ప్లేట్లున్నాయి.

షౌకత్ అన్నయ్యను బస్సెక్కించి వచ్చాను. ఈద్ దాటాక పెళ్ళికి మళ్ళీ వస్తాడట, సాక్షిగా. వకీలు నేనేనట. ఈ ముక్క ఇగ్లాల్ నాతో అనలేదు. బస్సెక్కేటప్పుడు ఆయనే చెప్పాడు, నాకు ముందే తెలుసనుకుని.

15 ఏప్రిల్

కొట్టుకు వెళ్ళి, క్షమించమని అడిగాను. ఈసారి అందుకే వెళ్ళాను.  సూటు కోటుకు గుండీలు ఊడిపోయి ఉంటే తెచ్చేయండి, పెళ్ళికి కావాలి కదా అన్నాడు వగీహ్.

నన్ను పూర్తిగా నమ్మాడా? లేదనుకుంటాను.

24 ఏప్రిల్, గురువారం

ఈరోజు నికా అయింది. నా కుడిచెయ్యి వగీహ్ కుడిచేతిలో పెట్టించి, నికా చదివించే మాజూన్ పైన తెల్ల రుమాలు కప్పాడు. నేను చెప్పినట్టు చెప్పండి అన్నాడు. నా చెల్లెలు ఇగ్లాల్‌ను అబ్దుల్ మౌగూద్ కొడుకు వగీహ్‌కు ఇచ్చి పెళ్ళి చేస్తున్నాను అన్నాను. రుమాలు కింద అతను నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇంకోసారి చెప్పబోయాను. వినిపించింది, చాలు అన్నాడు మాజూన్. అబ్దుల్ మౌగూద్ కొడుకు అని మళ్ళీ చెప్పాను.